మొదటి టమగోచి కొంటున్నాం: పాత మూడు బటన్లదా, కొత్త రంగుల తెరదా?

గుడ్డు కోసం:
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నెల రోజులుగా టమగోచి, టమగోచి అని ఒకటే గొడవ, అదే, గుడ్డు ఆకారం బొమ్మలో తెర మీద పెంచుకునే జంతువు. నేను చూసినవి నాలుగు: ఒరిజినల్, కనెక్షన్, యూని, పారడైజ్. నా సందేహాలు చెబుతాను. ఒకటి, బడికి వెళ్లొచ్చేలోపు అది చచ్చిపోతే దీని ఏడుపు ఎవరు ఆపాలి? రెండు, వైఫై లేకుండా యూని పనికొస్తుందా? మూడు, చెల్లికి కూడా ఒకటి కొంటే రెండూ కలుపుకోవచ్చా? నాలుగు, శబ్దం పూర్తిగా ఆపొచ్చా? మా ఆయన ఇంట్లోంచే పని చేస్తారు కాబట్టి నాలుగోది చాలా ముఖ్యం.

మూడు బటన్లు:
ఒరిజినల్ తీసుకోండి, కళ్లు మూసుకుని. మిగతావన్నీ ఫోన్లకు చుట్టాలు. నేను చిన్నప్పుడు దాన్ని జేబులో వేసుకుని తిరిగాను, ఇప్పుడు మళ్లీ కొన్నాను. 32 బై 16 చుక్కల తెర. అంత చిన్న తెర మీద అది బుంగమూతి పెడితే నా ప్రాణం విలవిల్లాడుతుంది. పోయినవారం మామెచి వచ్చింది. మామెచి అంటే తెలుసుగా, చాలా బాగా పెంచితే వచ్చే పాత్ర. ఫోటో పెడతాను ఆగండి.

నైట్ షిఫ్ట్:
బడి వేళల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒరిజినల్‌లో మూడు బటన్లు ఏ, బి, సీ కదా, బి నొక్కితే గడియారం కనిపిస్తుంది. అక్కడ ఏ, సీ రెండూ కలిపి నొక్కితే టైమ్ మార్చే తెర వస్తుంది. అలాగే వదిలేయండి. కాలం ఆగిపోతుంది. ఆకలి లేదు, మలం లేదు, చావు లేదు. సాయంత్రం వచ్చాక టైమ్ సరిచేసి మొదలుపెట్టండి. నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు రోజూ చేసేది ఇదే.

సున్నా హృదయాలు:
ఇదేం పెంపకం అండీ? జంతువును ఫ్రీజర్‌లో పెట్టి డ్యూటీకి వెళ్లినట్టుంది.

నైట్ షిఫ్ట్:
ఎనిమిది గంటలు ఆకలితో ఉంచడం కన్నా నయం కదా.

సున్నా హృదయాలు:
ఆకలితో ఉంచమని ఎవరన్నారు? వెంట తీసుకెళ్లండి. లేకపోతే పోనివ్వండి. పోతుందనే భయం లేకపోతే ఆ బొమ్మలో ఇంకేముంది? తెర మీద ఆకలికి నాలుగు హృదయాల గుర్తులు, ఆనందానికి నాలుగు. అవి ఖాళీ అవుతుంటే గుండె దడదడలాడాలి. కాలం ఆపేసి బొమ్మకు 25 ఏళ్ల వయసు తెచ్చానని చెప్పుకునేవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను.

పాతసామాను:
ఈ విషయంలో కాస్త అనుభవం ఉన్నవాడిగా చెబుతాను. నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి. 1997 నుంచి పెంచుతున్నాను. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1996 నవంబర్ 23న జపాన్‌లో బొమ్మల కంపెనీ బండాయ్ విడుదల చేసింది, అకిహిరో యోకోయ్, అకి మయితా దాని సృష్టికర్తలు. పేరు ఎక్కడిదో తెలుసా? తమాగో అంటే గుడ్డు, దానికి వాచ్ కలిపారు. వాచీని ఆపడమంటే ఆ పేరును ఆపడమే. అందుకని నేను సున్నా హృదయాలు గారి వైపు. ఇక కొనే విషయం: ఒరిజినల్ కొంటే బ్యాటరీ బెంగ లేదు, నాడూ నేడూ సీఆర్2032 ఒక్కటే.

చుక్కల పిచ్చి:
నాడు కాదు సార్. ఇప్పటి ఒరిజినల్‌లో సీఆర్2032 నిజమే. 1996 దాంట్లో రెండు ఎల్‌ఆర్44 బిళ్లలు.

పాతసామాను:
నలభై ఉన్నాయి అన్నాను కదా తమ్ముడూ.

చుక్కల పిచ్చి:
నలభై ఉన్నా ఒక్కటి విప్పితే తెలుస్తుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
బడి వేళకు నేనొక ఉపాయం పట్టాను, వినండి. ఒరిజినల్ గడియారాన్ని సగం రోజు తిప్పి పెట్టాను. బడిలో ఉన్నంతసేపు దానికి రాత్రి. నిద్రపోయాక లైటు తీసేసి మా వాడు హాయిగా బడికి వెళ్లేవాడు. నేనెంత తెలివైనదాన్నో అనుకున్నాను, మొదటి రాత్రి దాకా. రాత్రి ఒంటిగంటకు దానికి మిట్టమధ్యాహ్నం. పీప్ పీప్ అని. మా వాడు నిద్ర. లేచి తినిపించింది ఎవరు? నేను. అది ఎటు తిరుగుతుందో చెప్పే ఎడమ కుడి ఆట ఐదు రౌండ్లు ఆడింది ఎవరు? నేను. మూడుసార్లు సరిగ్గా చెబితేనే ఒక హృదయం నిండుతుంది, నేను రెండు దగ్గరే ఆగిపోతున్నాను, మళ్లీ మొదలు. నాలుగు రాత్రులు చేశాను. ఐదో రాత్రి చచ్చిపోయింది. నేను చంపలేదు, నిద్రపోయాను అంతే. మా వాడు మాత్రం ఇప్పటికీ నావైపు ఒకలా చూస్తాడు.

నైట్ షిఫ్ట్:
అక్కా, అందుకే ఆపమంటున్నది!

సున్నా హృదయాలు:
ఆమె కనీసం లేచి తినిపించింది. మీరు ఆపేసి పోతారు.

డిజి పిచ్చోడు:
వీటి గోలంతా ఎందుకు, డిజిటల్ మాన్‌స్టర్ తీసుకోండి. 1997 జూన్‌లో వచ్చింది, బండాయ్‌దే. దీన్ని పెంచడమే కాదు, రెంటిని తలకు తల ఆనించి కొట్లాడించొచ్చు. టమగోచి పెరిగి పెద్దదై ఏం చేస్తుంది? కూర్చుంటుంది.

మూడు బటన్లు:
అడిగింది టమగోచి గురించి. ప్రతి చర్చలోనూ దూరిపోతారు మీరు.

డిజి పిచ్చోడు:
చెల్లితో కలిపి ఆడాలని ఆవిడే అడిగారు. కొట్లాట కూడా కలిసి ఆడటమే.

గుడ్డు కోసం:
వాళ్లిద్దరికీ కొట్లాట నేర్పాల్సిన అవసరం లేదండి, పుట్టుకతోనే వచ్చింది. శబ్దం సంగతి ఎవరైనా చెబుతారా?

కనెక్షన్ కావ్య:
చెల్లితో కలపాలంటే కనెక్షనే. 2004లో వచ్చినది, 2024లో మళ్లీ తెచ్చారు. తల మీద ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెడితే ఒకదానికొకటి కానుకలు ఇచ్చుకుంటాయి, ఆడుకుంటాయి, పెద్దయ్యాక పెళ్లి కూడా చేసుకుంటాయి. జంట దొరకకపోతే పెళ్లిళ్ల పేరమ్మ తనే వచ్చి సంబంధం చూపిస్తుంది. బిడ్డ పుట్టాక కొన్నాళ్లకు మీరు పెంచిన పెద్దది బిడ్డను మీకు వదిలేసి వెళ్లిపోతుంది, తర్వాతి తరం మొదలవుతుంది. ఇదే నాకు నచ్చింది. ఒరిజినల్‌లో పోతే పోయినట్టే, మళ్లీ గుడ్డు. ఇక్కడ వంశం నడుస్తుంది. నాది పదకొండో తరం. నాకూ నా స్నేహితురాలికీ ఎనిమిదో తరంలో వియ్యం కలిసింది, ఇప్పటికీ వదినా అని పిలుచుకుంటాం.

సున్నా హృదయాలు:
పదకొండు తరాలు ఆపకుండా నడిపారా, ఆపి నడిపారా?

కనెక్షన్ కావ్య:
నన్ను ఇందులోకి లాగకండి.

సున్నా హృదయాలు:
అంటే ఆపారు.

కనెక్షన్ కావ్య:
పరీక్షలప్పుడు ఆపాను. మూడు వారాలు. ఏం, నేరమా? బొమ్మ కోసం పరీక్ష తప్పాలా? మీకు ఇంట్లో ఇంకేం పని లేదేమో, అందరికీ అలా కుదరదు.

నైట్ షిఫ్ట్:
బాగా చెప్పారు.

సున్నా హృదయాలు:
నా ఇంటి సంగతి మీకెందుకు? నేను బొమ్మ గురించి మాట్లాడుతున్నాను. గడియారం ఆపడం కుదురుతుంది కాబట్టి ఆపేయడం, ఓడిపోతున్నప్పుడు ఆటబల్ల ఎత్తేయడం లాంటిది. ఇంకో మాట. ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు టైమ్ సరిచేయనివాళ్లు బోలెడు మంది. అప్పుడు దాని రాత్రి మన సాయంత్రానికి జరుగుతుంది, ఆటల వేళకు నిద్రపోతుంది. పిల్లలేమో బొమ్మ పాడైందని ఏడుపు. ఇలాంటి ఏడుపులు ఇక్కడే ఎన్ని చదివానో.

నైట్ షిఫ్ట్:
టైమ్ సరిచేయమని నేను మొదటి పోస్టులోనే రాశాను. చదవకుండా తిట్టడం మీకు అలవాటు.

ఒక్క ముక్క:
వీటిని కనిపెట్టిన ఇద్దరికీ 1997లో, నోబెల్‌కు పేరడీగా ఇచ్చే ఇగ్ నోబెల్ అర్థశాస్త్ర బహుమతి ఇచ్చారు. ఎందుకో తెలుసా, లక్షల పని గంటలను లేని జంతువుల పోషణకు మళ్లించినందుకు. ఈ చర్చలో వాటి పోషణ కూడా జరగడం లేదు.

నకిలీ బాధితుడు:
ఎవరూ అడగకపోయినా చెబుతాను. గుడ్డు ఆకారంలో ఉన్న ప్రతిదీ టమగోచి కాదు. పేరూ ఊరూ లేనిది ఒకటి కొన్నాను, 168 జంతువులు ఒకే దాంట్లో అని డబ్బా మీద రాసి ఉంది. నిజమే, 168 ఉన్నాయి. పిల్లి, కప్ప, డైనోసార్, ఇంకేవేవో. అన్నీ ఒకేలా తింటాయి, ఒకేలా నిద్రపోతాయి. కప్ప అనే పేరే తప్ప కప్పతనం లేదు. మూడో రోజు మధ్య బటన్ లోపలికి పోయి మళ్లీ బయటకు రాలేదు. కప్ప తినడానికి సిద్ధంగా నోరు తెరిచి ఉంది, నేను తినిపించలేను. బ్యాటరీ అయిపోయేదాకా అలాగే చూస్తూ ఉంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
అయ్యో, ఆ కప్ప.

మూడు బటన్లు:
మామెచి ఫోటో పెట్టాను, ఎవరూ చూడలేదా?

వైఫై వీరయ్య:
యూని గురించి ఒక్కరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను, నా దగ్గర ఉంది. 2023లో వచ్చింది. రంగుల తెర, యూఎస్‌బీ సీతో చార్జింగ్, పట్టీ వేసి చేతికి వాచీలా కట్టుకోవచ్చు. వైఫై లేకపోయినా పెంచుకోవచ్చు, తినిపించడం, ఆడించడం, ఇల్లు సర్దడం అన్నీ నడుస్తాయి. కానీ దాని సరదాలో పెద్ద వాటా టమావర్స్ అనే ఆన్‌లైన్ లోకంలోనే ఉంది. అక్కడ ఎక్కడెక్కడివాళ్ల టమగోచిలు ఎదురుపడతాయి. దానికి వైఫై కావాల్సిందే. చెల్లి దగ్గరున్న దానితో తలకు తల ఆనించి కలపడం ఇందులో కుదరదు. ఇక చార్జింగ్ అంటారా, నేను ఊరెళ్లినప్పుడు వైరు మరిచిపోయాను. అంతకన్నా చెప్పను.

పాతసామాను:
చార్జింగ్ పెట్టాల్సింది పెంపుడు జంతువు కాదు, ఫోను.

వైఫై వీరయ్య:
మీ నలభైలో ఎల్‌ఆర్44 తేలిందా సార్?

పాతసామాను:
పని మీద ఉన్నాను. తీరిక చూసుకుని విప్పుతాను. స్క్రూ చాలా చిన్నది.

చుక్కల పిచ్చి:
ఆ స్క్రూను రోజూ విప్పేవాళ్లకు చిన్నది అనిపించదు.

పారడైజ్ పిల్ల:
పారడైజ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. 2025 జూలైలో వచ్చింది. పక్కన ఒక చక్రం ఉంటుంది, తిప్పితే దగ్గరికి వెళ్తాం, దూరం వెళ్తాం. బాగా దగ్గరికి వెళ్తే దాని ఒంట్లో కణాలు కనిపిస్తాయి, దూరం వెళ్తే గ్రహం మొత్తం. జబ్బు చేస్తే కణాల దాకా వెళ్లి చూసి వైద్యం చేయాలి. మా తమ్ముడు ఆ చక్రం తిప్పడమే పనిగా పెట్టుకుని అసలు జంతువుకు తిండి పెట్టడం మరిచిపోయాడు. రెండు పారడైజ్‌లను తలకు తల ఆనించి కలపొచ్చు, వైఫై అక్కర్లేదు. బ్యాటరీలు మామూలు సన్న సెల్లులు, ట్రిపుల్ ఏ రెండు. నీలం, గులాబీ, ఊదా మూడింటిలో నీళ్లు, నేల, ఆకాశం అని ఒక్కో లోకం. కాబట్టి ఇద్దరికీ ఒకే రంగు కొనకండి.

గుడ్డు కోసం:
చాలా థాంక్స్ పారడైజ్ పిల్ల గారూ. ఇంతమందిలో మీరొక్కరే సూటిగా చెప్పారు. కానీ శబ్దం?

డిజి పిచ్చోడు:
డిజిటల్ మాన్‌స్టర్‌లో కూడా శబ్దం ఆపొచ్చు.

మూడు బటన్లు:
ఎవరైనా ఇతన్ని ఆపండి.

క్రమశిక్షణ:
మాటల్లో పడి అసలు సంగతి మరిచారు. తొమ్మిదేళ్ల పిల్లకు మొదట నేర్పాల్సింది తిట్టడం. ఒరిజినల్‌లో రెండు రకాల పిలుపులు. ఒకటి నిజమైనది: ఆకలి, విసుగు. రెండోది గారాబం: హృదయాలన్నీ నిండా ఉంటాయి, ఆటకు రమ్మంటే రాదు, అయినా పిలుస్తుంది. అప్పుడు తెర మీద తిట్టే గుర్తు నొక్కాలి. పిల్లలు ఏం చేస్తారంటే, పిలిచిన ప్రతిసారీ మిఠాయి పెడతారు. భోజనం కడుపు నిండితే వద్దంటుంది, మిఠాయిని మాత్రం కడుపు నిండినా తింటుంది. ఒక్కో మిఠాయికి బరువు రెండు పెరుగుతుంది, ఆట ఆడితే ఒకటే తగ్గుతుంది. లెక్క మీరే వేసుకోండి. చివరికి మామెచి బదులు పురుగులాంటి న్యోరోచి వస్తుంది. అప్పుడు తిట్టాల్సింది దాన్ని కాదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
మా ఇంట్లో పిల్లలకు ఆ గుర్తు ఎక్కడుందో చెబుతారా, నేనూ నొక్కుతాను.

సున్నా హృదయాలు:
క్రమశిక్షణ గారు చెప్పింది నిజం. తప్పులు ఎన్ని జరిగాయో అది లోపల లెక్కపెట్టుకుంటుంది. ఏ పాత్ర రావాలో తేల్చేది ఆ లెక్కే. కాలం ఆపేస్తే ఆ లెక్కకు అర్థమేంటి?

నైట్ షిఫ్ట్:
మళ్లీ మొదలు. సరే, ఒప్పుకుంటాను, నాది మామెచి కాదు. నాది ఒయాజిచి, ఆ నడివయసు నాన్నగారు. బట్టతలతో నన్నే చూస్తున్నాడు. నేను డ్యూటీ నుంచి వచ్చి కాలం మొదలుపెడతాను, అతను లేస్తాడు, ఇద్దరం కలిసి తింటాం. నాకు అదే చాలు. మీ లెక్కలో నేను లేకపోతే లేను.

సున్నా హృదయాలు:
ఒయాజిచి వచ్చిందా? నిజంగానా? అది దాచిపెట్టిన పాత్ర. మాస్కుచి అనే ఇంకో పాత్ర నుంచి తప్ప రాదు. నేను ఎన్నిసార్లు ప్రయత్నించానో, ఒక్కసారీ రాలేదు.

నైట్ షిఫ్ట్:
వచ్చింది.

సున్నా హృదయాలు:
ఎలా పెంచారో రాస్తారా? ఆపడం సంగతి పక్కన పెట్టి.

నైట్ షిఫ్ట్:
ఆపడం పక్కన పెడితే రాయడానికి ఏమీ ఉండదండి.

నిశ్శబ్ద పాఠకురాలు:
గుడ్డు కోసం గారూ, శబ్దం: ఒరిజినల్‌లో గడియారం తెర కాకుండా మామూలు తెర మీద ఏ, సీ కలిపి నొక్కండి. మోగదు. కానీ అప్పుడు పిలుపు వినిపించదు, కింద వరసలో చివరి గుర్తు వెలిగిందా లేదా అని మీరే చూస్తుండాలి. నాలుగేళ్లుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను.

గుడ్డు కోసం:
మీకు పుణ్యం ఉంటుంది. రెండు పారడైజ్‌లు తెచ్చాం, నీలం ఒకటి, ఊదా ఒకటి. పెద్దది బడికెళ్లింది, చిన్నది నిద్రపోతోంది. రెండూ నా ముందే ఉన్నాయి. ఒకదానికి జబ్బు చేసినట్టుంది, కణాల దాకా చక్రం తిప్పాను, ఇప్పుడేం నొక్కాలి? త్వరగా చెప్పండి ప్లీజ్.

డిజి పిచ్చోడు:
డిజిటల్ మాన్‌స్టర్‌లో అయితే

పాతసామాను:
విప్పాను. రెండే ఉన్నాయి. కానీ చాలా చిన్నవి.