పగటి సౌరవిద్యుత్తును రాత్రికి దాచవలసింది కొండ మీది చెరువులోనా, ఇంటి బ్యాటరీలోనా?

విశాఖ మిద్దె:
పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీది 3 కిలోవాట్ల సౌరపలకలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది, బ్యాటరీకి మాత్రం పైసా లేదు. మరోవైపు నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది. పగలు నీటిని పైచెరువుకు తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి కరెంటు తీసే ఈ పద్ధతిలో నూరు యూనిట్లకు 20 నుంచి 25 దారిలోనే పోతాయి. లిథియం బ్యాటరీలో పోయేది 10 నుంచి 15. ఈ తేడాను ఎవరూ ఎందుకు లెక్కించరు?

జలవిద్యుత్ విశ్రాంత ఇంజనీరు:
లెక్కిద్దాం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. కరెంటు తీయడానికే కాక నీటిని వెనక్కు తోడడానికీ పనికివచ్చే ఆ యంత్రాలు పూర్తి సామర్థ్యంతో ఒక్క గంట తిరిగితే 9 లక్షల యూనిట్లు వస్తాయి. ఇన్వర్టరు పక్కన పెట్టుకునే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీసం బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు, సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. అంటే ఆ ఒక్క గంటకు 10 లక్షల బ్యాటరీలు కావాలి.

విశాఖ మిద్దె:
నేను లిథియం గురించి అడిగితే మీరు సీసం బ్యాటరీ లెక్క చెప్పారు. 20 శాతం నష్టానికి జవాబు రాలేదు.

నంద్యాల వాసి:
శ్రీశైలంలో వెనక్కు తోడాలంటే కింద సాగర్ జలాశయపు నీరు అందాలి. ఆ నీటి మీద 2021లో రెండు రాష్ట్రాలూ ఎలా తగవుపడ్డాయో చూశాం. పిన్నాపురం నది మీద లేదు, ఒకసారి నింపాక ఆవిరైన మేరకు పోస్తే చాలు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

సీలేరు:
ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ తలపెట్టారు. కొండ మీద చెరువు అంటున్నవారు ఆ కొండల్లో బతికేవారి మాట కూడా అడగాలి.

జలవిద్యుత్ విశ్రాంత ఇంజనీరు:
మధ్యాహ్నం వాడకం లేక సౌరకేంద్రాన్ని ఆపించినప్పుడు పోయేది నూటికి నూరు. దాంట్లో 75 మిగలడం నష్టమెలా అవుతుంది? అయినా, సొంతింటివారి సౌకర్యానికి అందరి పన్నుల సొమ్ము ఎందుకు పెట్టాలి?

విశాఖ మిద్దె:
సౌకర్యమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అమ్మ ఇన్సులిన్ సీసాలను మట్టికుండలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, గంటగంటకూ తడిపాం. ఆ అనుభవంతోనే తరువాత మిద్దె మీద పలకలు వేయించాను. పోయినేడు లైను పోయినప్పుడు చూస్తే, ఎర్రటి ఎండలో అవీ ఆగిపోయాయి. లైనులో కరెంటు లేనప్పుడు స్తంభం మీద పనిచేసేవారికి షాక్ తగలకుండా అవి తమంతట తామే ఆగుతాయని అప్పుడు తెలిసింది. మీ చెరువు ఎంత పెద్దదైనా, తీగ తెగితే మా ఇంటికి రాదు.

అద్దె ఇల్లు:
మాకు మిద్దె లేదు, మీరడిగే రాయితీ మాకు రాదు. తుపాను రాత్రి మా పిల్లలూ చీకట్లోనే ఉంటారు. ఇంజనీరుగారు రోజూ సాయంత్రం పెరిగే వాడకం గురించి, మీరు తీగ తెగిన రాత్రి గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరి లెక్కలోనూ మేము లేము.

జలవిద్యుత్ విశ్రాంత ఇంజనీరు:
అమ్మగారి సంగతి తెలియక సౌకర్యం అన్నాను, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. తీగ తెగిన రాత్రికి చెరువు జవాబు కాదన్నది నిజమే. కానీ ఇంటింటికీ ఇచ్చే సొమ్మును వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక పెద్ద బ్యాటరీకి పెడితే, ఆ వీధి వరకు తీగలు నిలిచి ఉన్నప్పుడు అద్దెవారికీ వెలుగు వస్తుంది.

విశాఖ మిద్దె:
మా వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ పెద్ద బ్యాటరీ బాధ్యత ఎవరిదో, చెడితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో ముందు రాతపూర్వకంగా చెప్పనివ్వండి. అప్పటిదాకా నా బ్యాటరీకి రాయితీ అడుగుతూనే ఉంటాను.