ఎర్రగీత దాటిన పాత కారు: పరీక్షలు చేయకుండానే హెడ్ విప్పించాలా?

రెండు నెలల యజమాని

రెండు నెలల కిందట 14 ఏళ్ల పెట్రోలు కారు ఒకటి కొన్నాను. నిన్న సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. నిన్న ముప్పావు గంట నడిపి ఒక సిగ్నల్ దగ్గర ఆగాను. అంతవరకు నడిమధ్యన కదలకుండా ఉన్న టెంపరేచర్ ముల్లు రెండు నిమిషాల్లో ఎర్రగీత ఎక్కింది. పక్కకు తీసి ఇంజన్ ఆపేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. గంటన్నర ఆగి, అంతా చల్లారాక మూత తీస్తే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకులో చుక్క లేదు. రెండు లీటర్లకు పైగా నీళ్లు పట్టాయి. మళ్లీ స్టార్ట్ చేయకుండా వేరే బండితో లాగించి గ్యారేజీకి చేర్చాను.

అక్కడి మెకానిక్ ఇంజన్ ఆయిల్ పోసే మూత తిప్పి చూశారు. లోపలివైపు మీగడలాంటి తెల్లని పూత కనిపించింది. ‘హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ విప్పాలి’ అన్నారు. దానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంకే పరీక్షా చేయలేదు.

ఒక్క విషయం మాత్రం నన్ను వదలడం లేదు. ముల్లు ఎక్కడానికి పది నిమిషాల ముందే హీటర్‌లోంచి వచ్చే వేడి గాలి చల్లబడిపోయింది. అప్పుడు పట్టించుకోకుండా మీట తిప్పి ఆపేశాను. విప్పించమంటారా, ఆగమంటారా?

షెడ్డులో పాతికేళ్లు

విప్పించండి. ఈ మాట తేలిగ్గా అనడం లేదు.

అల్యూమినియం హెడ్ ఒకసారి ఎర్రగీత దాటితే అది వంగలేదని చూపుతో చెప్పలేం. కొన్ని ఇంజన్లలో తయారీదారు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్లే. తలవెంట్రుక మందం కూడా ఉండదు. అంతకు మించితే గ్యాస్కెట్ ఈ రోజు నిలిచినా రేపు నిలవదు. మా షెడ్డుకు వచ్చిన ఒకాయన ఇలాగే నీళ్లు పోసుకుంటూ పది రోజులు తిరిగారు. కూలెంట్ ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేసింది. హెడ్ పనితో పోయేది ఇంజన్ మొత్తం మార్చేదాకా వచ్చింది. మూత కింద తెల్లపూత కనిపించాక కూడా ఆగమని చెప్పడం నాకు చేతకాదు.

కొలిచి చూద్దాం

పై మాటలో భయం న్యాయమైనదే. తీర్పే తొందరపాటు. గ్యాస్కెట్ పోయిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు ఆ రెండు లీటర్లూ ఎటు పోయాయో తేలాలి. నీళ్లు పోవడానికి దారులు మూడే. బయటికి కారాలి, సిలిండర్‌లో చేరి పొగగొట్టం గుండా పోవాలి, లేదా ఆయిల్‌లో కలవాలి.

మూడోది తేల్చుకోవడానికి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, చాలు. రెండు లీటర్లు కలిసి ఉంటే ఆయిల్ మట్టం పై గీత దాటి ఎక్కడికో పోతుంది, రంగు పాలు కలిపినట్టు మారుతుంది. మూత కింద ఉన్న పూత ఒక్కటే సాక్ష్యం కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో తేమ ఆవిరై, అన్నిటికన్నా చల్లగా ఉండే ఆ మూత దగ్గరే పేరుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎన్నో ఇంజన్ల మూతల కింద ఆ తెలుపు కనిపిస్తుంది.

ఇక మీ హీటర్. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైన మాట అదే. హీటర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్. ఇంజన్‌లోని వేడి నీళ్లు దాని గుండా పారినంత కాలం వేడి గాలి వస్తుంది. ఇంజన్ కాలిపోతుండగా హీటర్ చల్లబడిందంటే నీళ్లు అక్కడిదాకా రావడం లేదు. మట్టం పడిపోయి ఉండాలి, లేదా పంపు తోయడం మానేసి ఉండాలి. అంటే ముల్లు కదలడానికి చాలాముందే వ్యవహారం చెడింది. చాలా కార్లలో ఆ ముల్లు ఉన్నది ఉన్నట్టు చూపదు. సుమారు 80 నుంచి 105 డిగ్రీల దాకా ఎంత మారినా నడిమధ్యనే నిలిచేలా దాన్ని అమరుస్తారు. చిన్న మార్పుకే నడిపేవారు కంగారు పడకూడదని అలా చేస్తారు. పైగా సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది, చుట్టూ గాలి చేరితే అది చెప్పే అంకెను నమ్మలేం. కాబట్టి మీకు హఠాత్తుగా జరిగినట్టు అనిపించినది బహుశా వారాలుగా సన్నగా జరుగుతున్నదే. చివరిసారి ట్యాంకు మట్టం ఎప్పుడు చూశారు?

ఒత్తిడి సంగతి కూడా చెప్పాలి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాటేదాకా మరగదు. ఎక్కడో చిన్న చిల్లు పడితే నీళ్లతో పాటు ఈ రక్షణా పోతుంది. అందుకే సన్నని లీకు ఉన్న బండి చాలాకాలం బాగానే తిరిగి, ఒక రోజు ఒక్కసారిగా మరిగిపోతుంది.

చేయాల్సింది ఇది. ఇంజన్ చల్లగా ఉండగా ట్యాంకు మూతి మీద చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా కొట్టి, పావుగంట చూడమనండి. మీటరు పడిపోతే లీకు ఉన్నట్టే, టార్చి పట్టుకుని వెతకాలి. తర్వాత గ్యాసు పరీక్ష. ట్యాంకు లోపలి గాలిని నీలి ద్రవం గుండా లాగుతారు. సిలిండర్ల నుంచి దహన వాయువు చేరుతుంటే పెట్రోలు బండిలో నీలం పసుపుకు తిరుగుతుంది. ఈ రెండూ కలిపి గంట పని. సిగ్నల్ దగ్గర ముల్లు ఎక్కింది కాబట్టి ఫ్యాను కూడా చూడాలి. పరుగులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడే ఫ్యానుతో అవసరం. చాలా బళ్లలో ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి.

దూరప్రయాణాల మనిషి

ఇంత దూరం ఎందుకండీ? థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే కవాటం) తీసేయండి. నా పాత బండిలో తీసేసి మూడేళ్లయింది, ముల్లు సగానికి కూడా రాదు. బిగుసుకుపోయే వస్తువే లేకపోతే సమస్యే ఉండదు.

కొలిచి చూద్దాం

ముల్లు సగానికి రాకపోవడం మంచి లక్షణం కాదండీ. ఇంజన్ ఎప్పుడూ చలిగానే నడుస్తోందని దాని అర్థం. కంప్యూటర్ దాన్ని చల్లని ఇంజన్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, అరుగుదలా పెరుగుతుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండో బిళ్ల ఉంటుంది. మొదటిది రేడియేటర్ దారి తెరుస్తున్నప్పుడు రెండోది పక్కదారి మూస్తుంది. మొత్తంగా తీసేస్తే ఆ పక్కదారి తెరిచే ఉండిపోతుంది. కొంత వేడి నీరు రేడియేటర్ ముఖం చూడకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది. ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా త్వరగా మరిగిపోతుంది.

అనుమానం ఉంటే దాన్ని విప్పి, నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి వేడి చేయండి. దాని మీద అచ్చువేసిన అంకె దగ్గర, ఎక్కువగా 82 నుంచి 92 డిగ్రీల మధ్య, కళ్లముందే తెరుచుకోవడం మొదలవుతుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

షెడ్డులో పాతికేళ్లు

థర్మోస్టాట్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. తీసేసిన బళ్లు ఎన్ని బాగుచేశానో.

కానీ మీ పంపు పరీక్ష గురించి ఒక మాట అడుగుతాను. చల్లని ఇంజన్ మీద మీరు పెట్టేది ఒక బార్ ఒత్తిడి. పూర్తి బరువుతో లాగుతున్నప్పుడు సిలిండర్‌లో పుట్టేది 50 బార్లు దాటుతుంది. ఒకటికి నిలిచిన గ్యాస్కెట్ యాభైకి నిలుస్తుందని ఏ ధైర్యంతో చెప్పగలం? చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే తెరుచుకునే పగుళ్లు నేను చూశాను. గ్యాసు పరీక్ష ఇంజన్ ఊరికే ఆన్‌లో పెట్టి చేస్తే నీలం నీలంగానే ఉంటుంది, బండి రోడ్డెక్కగానే మళ్లీ బుడగలు. హీటర్ చల్లబడిందన్నారు. గ్యాస్కెట్ గుండా వాయువు చేరి హీటర్‌లో గాలి నిండినా అది అలాగే చల్లబడుతుంది. మీ సాక్ష్యం రెండు వైపులా చెబుతోంది.

కొలిచి చూద్దాం

నిజమే, నేను ఆ గాలి సంగతి చెప్పకపోవడం లోపం. పంపు పరీక్ష గ్యాస్కెట్‌ను నిర్దోషి అని చెప్పదు, బయటి లీకును మాత్రమే పట్టిస్తుంది. అయితే గ్యాసు పరీక్షను మీరు చెప్పినట్టే, ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా వేడెక్కించి, కాస్త లాగించి చేయాలి. అనుమానం తీరకపోతే సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతుందో చూడాలి.

వాయువు లోపలికి తోసుకొస్తుంటే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. చల్లగా స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే, నీళ్లు వేడెక్కకముందే, పై హోసు (ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే గొట్టం) రాయిలా గట్టిపడుతుంది. ట్యాంకు మూత దగ్గర నుంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. యజమాని గారూ, మీ ట్యాంకు చుట్టూ చిమ్మిన మరకలు ఉన్నాయా?

రెండు నెలల యజమాని

లేవు. మూత చుట్టూ దుమ్ము పొడిగా అలాగే ఉంది. డిప్‌స్టిక్ కూడా తీశాను. మట్టం రెండు గీతల మధ్యే, ఆయిల్ శుభ్రంగా గోధుమ రంగులో ఉంది. ట్యాంకు మట్టం కొన్నప్పుడు చూశాను, మళ్లీ చూడలేదు. నాదే పొరపాటు. ఇంటి ముందు ఎప్పుడూ నీటి మడుగు కనిపించలేదు, అందుకే అనుమానం రాలేదు.

కొత్త అభ్యాసి

లీకు మూసే పొడి ఒకటి పోస్తే సరిపోదా?

షెడ్డులో పాతికేళ్లు

వద్దు. అది చిల్లును ఎంత మూస్తుందో, హీటర్‌లోని సన్నని గొట్టాలనూ అంతే మూస్తుంది. దారి మధ్యలో చిక్కుకున్నవారికి తప్ప ఎవరికీ చెప్పను.

రెండు నెలల యజమాని

వేరే గ్యారేజీలో పరీక్షలు చేయించాను. మొత్తం దగ్గరే నిలబడి చూశాను.

పంపుతో ఒక బార్ కొట్టారు. నాలుగు నిమిషాల్లో 0.6కు పడిపోయింది. నేల మీద చుక్క లేదు. రేడియేటర్ పొడిగా ఉంది, వాటర్ పంపు కింద తడి లేదు. అప్పుడు కుర్రవాడొకరు చిన్న అద్దం, టార్చి తీసుకుని ఇంజన్ వెనక, క్యాబిన్ గోడకు మధ్య ఉన్న సందులో చూశారు. హీటర్‌కు వెళ్లే రెండు హోసులు కలిసే చోట మూడు ముక్కుల ప్లాస్టిక్ జాయింటు ఉంది. దాని ఒక ముక్కు మొదట్లో వెంట్రుకలాంటి పగులు. పగులు చివర ఒక బొట్టు ఊరుతూ, పెరుగుతూ, వణికి, కింద గేర్‌బాక్సు మీద పడుతోంది. ఆ చోట గులాబీరంగు పొరలు ఎండి గట్టుకట్టి ఉన్నాయి. వేడి లోహం మీద పడి ఎప్పటికప్పుడు ఆరిపోవడం వల్లే నాకు మడుగు కనిపించలేదు. హోసు విప్పబోతే ఆ జాయింటు వేళ్ల మధ్యే పెంకు ముక్కల్లా పొడైపోయింది. 14 ఏళ్ల వేడికి ప్లాస్టిక్ అలా అయిపోతుందట.

ఆ స్థానంలో ఇత్తడి జాయింటు, కొత్త హోసులు, కొత్త మూత వేశారు. బండి ముందు భాగం పైకి ఎత్తి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి గాలి తీశారు. తర్వాత బాగా వేడెక్కించి గ్యాసు పరీక్ష రెండుసార్లు చేశారు. రెండుసార్లూ నీలం మారలేదు. స్కానర్‌లో చూస్తే 88 దగ్గర థర్మోస్టాట్ తెరుచుకుంటోంది, 97కు ఫ్యాను తిరుగుతోంది. హెడ్ విప్పలేదు.

షెడ్డులో పాతికేళ్లు

సంతోషం. మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ జాయింటును నేనూ ముందు చూసి ఉండాల్సింది. కానీ ఆ ఇంజన్ ఎర్రగీత దాటిన మాట అలాగే ఉంది. కనీసం ఒక నెల కాపు కాయండి. ఉదయం స్టార్ట్ చేయకముందు పై హోసు నొక్కి చూడండి. రాత్రంతా చల్లారాక కూడా గట్టిగా ఉంటే లోపల వాయువు చేరినట్టే. స్పార్క్ ప్లగ్గులు తీయించండి. మిగతావి గోధుమ రంగులో ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లో నీళ్లు కాలుతున్నాయి. అప్పుడు నా దగ్గరికి కాకపోయినా ఎవరి దగ్గరికైనా వెళ్లి హెడ్ విప్పించండి, ఆలస్యం చేయకండి.

కొలిచి చూద్దాం

ఈ సలహాకు నేనేమీ చేర్చను. ఒకటే: మట్టం చల్లగా ఉన్నప్పుడే చూడండి, వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోకండి. పోయాల్సి వస్తే ఏ కూలెంట్ పోశారో అదే పోయండి. సరిపడని రకాలు కలిస్తే కొన్నిసార్లు గడ్డకడతాయి.

రెండు నెలల యజమాని

తొమ్మిదో రోజు. ట్యాంకు మీద మార్కరుతో గీత గీశాను. రెండో రోజు వేలెడు తగ్గింది. మిగిలిన గాలి పోయి ఉంటుందన్నారు, అంత పోశాను. అప్పటి నుంచి గీత దగ్గరే ఉంది. ఈ ఉదయం పై హోసు మెత్తగా నొక్కుకుంది. ప్లగ్గులు ఆదివారం తీయిస్తున్నాను, ఫొటోలు పెడతాను.