30 మంది లోపున్న మిషన్ షాపులకు కూడా అప్రెంటిస్‌లను తప్పనిసరి చేయాలా?

లేత్‌మాస్టర్:
1961 అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, ఆపైన పనిచేసేచోట సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే. 4 నుంచి 29 మంది ఉంటే మాత్రం యజమాని ఇష్టం. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో లోహపు భాగాలు చేసే ఇలాంటి చిన్న మిషన్ షాపులు ఎన్నో. ఐటీఐ కుర్రాళ్లకు ఇంటి దగ్గర్లో పని నేర్పేవి అవే. తప్పనిసరి చేయాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

జీడిమెట్ల_యూనిట్:
అన్నా, ఎనిమిది మంది ఉన్న షాపులో నేర్పేదెవరు? సెట్టర్ ఒక్కడే ఉంటాడు. ప్రోగ్రామ్ ఎక్కించేది, టూల్ కట్టేది, మొదటి జాబ్ (మిషన్ మీద చేసిన ముక్క) కొలిచి ఓకే చేసేది అతనే. ఐటీఐలో మామూలు లేత్ తిప్పి వచ్చిన కుర్రాడికి సీఎన్‌సీలో, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్‌లో, ఆఫ్‌సెట్ (టూల్ స్థానాన్ని సరిదిద్దే అంకె) కొత్త. డయా 0.2 మి.మీ. తగ్గించమంటే చుక్క మరిచి మైనస్ 2 కొడతాడు. జాబ్ స్క్రాప్, ఫినిషింగ్ ఇన్సర్ట్ (టూల్ కొసన కోసే ముక్క) పోయినట్టే. టూల్ అసలు కొలత ఉండే జామెట్రీ ఆఫ్‌సెట్‌లో తప్పు కొడితే, టూల్స్ బిగించిన టరెట్ పోయి జాబ్‌ను పట్టుకునే చక్‌కు గుద్దుకుంటుంది. ఉన్న రెండు మిషన్లలో ఒకటి ఆగితే డెలివరీ తప్పుతుంది, ఆర్డరు పక్క షాపుకు పోతుంది. పెద్ద కంపెనీకి ట్రైనింగ్ సెక్షన్ వేరే ఉంటుంది, మాకు లేదు.

ఐటీఐ_ఇన్‌స్ట్రక్టర్:
తొందరపడి మిషన్ అప్పగిస్తేనే ఆ తప్పు జరిగేది. మొదటి రెండు వారాలు ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గరే ఉంచండి. డ్రాయింగ్ చదవడం, కొలత హద్దులో ఉందో లేదో చెప్పే గో, నోగో గేజ్ వాడటం, మైక్రోమీటర్‌తో ఒకే జాబ్‌ను మూడు చోట్ల కొలవడం నేర్పండి. అతని కొలత, సెట్టర్ కొలత 0.01 మి.మీ. లోపు కలిసేదాకా ఆఫ్‌సెట్ పేజీ ముట్టుకోనివ్వకండి. ఆ తర్వాత కొన్నాళ్లు లోడింగ్, అంటే మిషన్‌లో జాబ్ పెట్టి తీయడం. ఆఫ్‌సెట్ దాకా వచ్చాక విలువ ముందు కాగితం మీద రాయాలి, సెట్టర్ చూడాలి, అప్పుడే కొట్టాలి. మొదటి జాబ్ సింగిల్ బ్లాక్‌లో (ప్రోగ్రామ్ ఒక్కో లైను చొప్పున), ర్యాపిడ్ (టూల్ ఖాళీగా కదిలే వేగం) 25 శాతానికి తగ్గించి, వేలు కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద పెట్టి నడపాలి.

యజమానులు విసిగిపోయేది కాగితాల దగ్గర. 2019 నిబంధనల సవరణ ప్రకారం ఐటీఐ పాసైనవాళ్లకు స్టైపెండ్ నెలకు కనీసం 7,000. న్యాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద కేంద్రం వాటా 25 శాతం, కానీ 1,500కు మించదు. అది నేరుగా కుర్రాడి ఖాతాలో పడుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే అప్రెంటిస్ పోర్టల్‌లో నమోదు దగ్గరే ఇబ్బంది. ఖాతాకు ఆధార్ లింక్ లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఈ రెండూ కాంట్రాక్టుకు ముందే సరిచేయించాలి. 18 నిండకపోతే సంరక్షకుల సంతకం కూడా కావాలి.

కార్మిక_పక్షం:
మాస్టారూ, ‘కొన్నాళ్లు లోడింగ్’ అన్నారే, ఏడాదంతా గడిచిపోయేది అక్కడే. జాబ్ పెట్టడం, తీయడం, బర్ (అంచున మిగిలే ముళ్లు) గీకడం, చిప్స్ (లోహపు తురుము) ఎత్తడం. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్నవాడు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు, ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యతా లేదు. యజమాని జేబులోంచి పోయేది 5,500. ఆ ధరకు హెల్పర్ దొరుకుతాడా? తప్పనిసరి చేస్తే ఈ దోపిడీకి చట్టం ముద్ర పడుతుంది.

ఇంకోటి. టెన్త్ తర్వాత రెండేళ్ల ఫిట్టర్ కోర్సు ముగిసేసరికి చాలామందికి 17 ఏళ్లే. అలాంటి పిల్లల్ని పవర్ ప్రెస్ (రేకును డై, అంటే అచ్చు, మధ్య గుద్ది ఆకారం చేసే మిషన్) దగ్గర నిలబెట్టే షాపులున్నాయి. రెండు చేతులతో నొక్కాల్సిన స్విచ్‌లలో ఒకదాన్ని టేపు చుట్టి నొక్కి ఉంచేస్తారు, స్ట్రోకులు ఎక్కువ పడాలని. ఖాళీగా ఉన్న ఆ రెండో చెయ్యే డై కిందికి పోయేది. గాయమైతే పరిహారం యజమానే కట్టాలి, నిజమే. వేళ్లు తిరిగొస్తాయా?

లేత్‌మాస్టర్:
ప్రెస్ షాపుల సంగతి ఒప్పుకుంటున్నా. 18 నిండనివాళ్లను అక్కడికి పంపనే కూడదు. లోడింగ్‌కు మందు చట్టంలోనే ఉంది. కొందరు యజమానులు కలిసి తమ అప్రెంటిస్‌లను ఒకరి షాపు నుంచి ఇంకొకరి షాపుకు తిప్పుతూ శిక్షణ ఇవ్వొచ్చు. పక్కపక్కనున్న నాలుగు షాపులు కలిస్తే టర్నింగ్ ఒకచోట, వీఎంసీ (నిలువు మిల్లింగ్ సీఎన్‌సీ) ఒకచోట, గ్రైండింగ్ ఒకచోట, ఇన్‌స్పెక్షన్ ఇంకోచోట, తలా మూడు నెలలు. ఒక్క సెట్టర్ మీదే భారం పడదు. లోడింగ్‌లో ఇరికించాలన్నా మూడు నెలలకే కుర్రాడు వెళ్లిపోతాడు.

జీడిమెట్ల_యూనిట్:
మూడు నెలల్లో సెట్టింగ్ చేతికి రాదన్నా. చేతికొచ్చే వేళకు పక్క షాపుకు పంపితే నేర్పినవాడికి మిగిలేదేంటి? ఆర్నెల్ల చొప్పున రెండే షాపులు పెట్టండి, ఆలోచిస్తాం. తప్పనిసరి మాత్రం వద్దు. నేర్పడం ఇష్టంలేని షాపుకు పంపిన కుర్రాడు రెండో నెలలోనే మానేస్తాడు.

కార్మిక_పక్షం:
రెండు షాపులకైతే నేనూ సరే. లాగ్‌బుక్‌లో ‘లేత్ పని’ అని ఒక్క మాట రాసి సరిపెట్టకూడదు. ఏ జాబ్ సెట్ చేశాడో, ఎంత టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) పట్టాడో వారం వారం రాయాలి. సంతకం యజమానిది చాలదు, ఐటీఐ నుంచి మాస్టారు నెలకోసారి షాపుకొచ్చి, కుర్రాడి చేత అక్కడే ఒక జాబ్ సెట్ చేయించి చూసి పెట్టాలి.