బాధలో అతిగా తినే విశ్వాసికి ఉపవాస ప్రార్థన చాలునా, మానసిక చికిత్స కూడా కావాలా?

బొబ్బిలి సహోదరి:

ప్రభువు నామమున అందరికీ వందనములు. మా స్త్రీల సమాజంలోని ఒక సహోదరి అనుమతితో, ఆమె ఎవరో బయటపడకుండా ఈ సంగతి రాస్తున్నాను. ఆమె భర్త కట్టడం పనుల కోసం చెన్నైలో ఉంటారు. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పగలంతా పొలం పని, అత్తమామల సేవ, పిల్లల అవసరాలు చూసుకుంటూ ఆమె సరిగా తినకుండానే పొద్దు గడుపుతుంది. పిల్లలు పడుకున్నాక దిగులు కమ్ముకొస్తుంది. అప్పుడు మిగిలిన అన్నం, పిల్లలకు కొన్న మిక్చరు, బిస్కెట్లు, ఏది కనబడితే అది కడుపు నొప్పి పుట్టేవరకు తిని, తర్వాత ఏడుస్తుంది. ఇది తిండిపోతుతనమనే పాపమనీ, వారానికి రెండు రోజులు ఉపవాసముండి ప్రార్థిస్తే విడుదల కలుగుతుందనీ సంఘంలో కొందరు చెప్పారు. విశాఖపట్నంలో చదువుకుంటున్న మేనకోడలు మాత్రం మనస్తత్వ నిపుణురాలిని కలవమంటోంది. దేవుని పేరు ఎత్తని వైద్యం దగ్గరకు విశ్వాసి వెళ్లవచ్చునా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగోరుతున్నాను.

పాలకొండ సంఘ పెద్ద:

అమ్మా, ఆ బిడ్డ పట్ల కనికరం ఉంది కాబట్టే సూటిగా రాస్తున్నాను. తమ కడుపునే దేవుడిగా చేసుకున్నవారిని గురించి పౌలు ఫిలిప్పీ పత్రికలో ఏడుస్తూ రాశాడు. ఆశానిగ్రహం ఆత్మఫలమని గలతీ పత్రిక చెబుతోంది. ఫలం చెట్టు నుంచి రావాలి గాని, మనస్తత్వ నిపుణులు చేయించేటట్టు ఏమి తిన్నామో రోజూ పట్టికలు నింపినందువల్ల రాదు.

లౌకిక పద్ధతుల మీద నా అభ్యంతరం వాటికి మూలమైన నమ్మకం గురించి. 1960లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఓవర్ ఈటర్స్ అనానిమస్ అనే సహాయ బృందం, మద్యపానం మానాలనుకునేవారి ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉద్యమం పాటించే పన్నెండు మెట్లను తిండికి అన్వయించింది. అక్కడ దేవుడంటే ఎవరికి అర్థమైనట్టు వారు తలచుకునే దేవుడు. యేసే మార్గమని ఒప్పుకొని బాప్తిస్మం పొందిన స్త్రీ ఆ మాట ఎలా పలుకుతుంది? ఇప్పుడు విరివిగా వినబడే మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో మనసులో, దేహంలో జరిగేదాన్ని తీర్పు తీర్చకుండా గమనించే సాధన, కూడా బౌద్ధ ధ్యానం నుంచి తీసుకొని 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చికిత్సగా మలచినదే. పశ్చాత్తాపానికి, క్షమాపణకు చోటులేని చోట మనిషికి ఉపశమనం దొరకవచ్చు గాని విడుదల దొరకదు.

శ్రీకాకుళం నర్సు:

పెద్దయ్య గారికి వందనములు. మీరు చెప్పిన మూలాల సంగతి నిజమే, దాని మీద మరొకరు రాస్తారని ఆశిస్తాను. నా ఆందోళన ఆ వారానికి రెండు రోజుల ఉపవాసం గురించి.

దిగులుగా ఉన్న రోజు నాలుగు ముద్దలు ఎక్కువ తినడం జబ్బు కాదు. కానీ వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలపాటు, ఆపుకోలేనన్న భావనతో, సిగ్గుపడి చాటుగా, కడుపు బరువెక్కి బాధపడేంతగా తిని కుమిలిపోవడం అనే స్థితిని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో బింజ్ ఈటింగ్ డిజార్డర్ అనే ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. ఆ సహోదరికి అదే ఉందని నేను చెప్పడం లేదు, అది వైద్యులు తేల్చవలసిన విషయం. అయితే మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది ఒకే వాక్యం: ఆమె పగలు సరిగా తినదు.

1944, 45 సంవత్సరాల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం కడుపుకే భోజనం పెట్టి, శరీరం మీద, మనసు మీద ఏ ప్రభావం పడుతుందో పరిశీలించాడు. వారు యుద్ధంలో ఆయుధం పట్టబోమని మనస్సాక్షి మేరకు నిరాకరించినవారు. అనేకులు క్వేకర్, మెన్నొనైట్, బ్రెద్రెన్ సంఘాల విశ్వాసులు. ఆశానిగ్రహం లేనివారని వారిని ఎవరూ అనలేరు. అయినా ఆకలి రోజుల్లో వారి తలంపులన్నీ తిండి చుట్టూ తిరిగాయి, కొందరు నియమం తప్పి చాటుగా తిన్నారు, మళ్లీ కావలసినంత భోజనం దొరికిన తర్వాత కూడా పలువురు ఎంత తిన్నా తృప్తి లేక కడుపు పాడయ్యేలా తిన్నారు. ఆకలితో మాడ్చిన దేహం అలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి పగలు తినని స్త్రీకి ఇంకా రెండు రోజులు తినవద్దని చెప్పడం ఆమె రాత్రులను మరింత కష్టం చేయడమే. ఆమెకు మధుమేహం ఉండి మందులు వాడుతూ ఉంటే ప్రాణాపాయం కూడా.

మనస్తత్వ నిపుణులు మొదట చేయించేది చాలా సాదా పని. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, రెండింటి మధ్య నాలుగు గంటలు మించని ఎడం. తిన్న వెంటనే ఏమి తిన్నాం, ఆ సమయంలో మనసు ఎలా ఉంది అని రాసుకోవడం. పొద్దున్న ఒక గ్లాసు చోడి అంబలి, పనికి వెళ్లే ముందు అన్నం, సాయంత్రం ఉడికిన శనగలు అని ఆమె మొదలుపెడితే అందులో విశ్వాసానికి విరుద్ధమైనది ఏముంది? ఈ చికిత్స బరువు తగ్గించడానికి కాదని కూడా ముందే చెప్పాలి. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2017 మార్గదర్శకాల్లో, ఇలాంటి మానసిక చికిత్సలు శరీర బరువును పెద్దగా మార్చవని రోగికి వివరించమని స్పష్టంగా రాసింది. తగ్గవలసింది ఆమె యాతన.

మన జిల్లాలోనే సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిలో కెనడా బాప్తిస్టు మిషన్ వైద్యుడు బెన్ గల్లిసన్ కంటిపొరలకు శస్త్రచికిత్స చేసేవారు. ఆ సేవను నిలబెట్టడానికే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఆ కత్తి మీద వాక్యం రాసి ఉందా అని మన తాతలు అడగలేదు.

పాలకొండ సంఘ పెద్ద:

అమ్మా, ఉపవాసం గురించి మీరు చెప్పినది నేను ఆలోచించవలసిన మాటే. అయితే కన్ను వేరు, హృదయం వేరు. కంటిపొరకు మారుమనస్సు అక్కరలేదు. ఆ స్త్రీ తిన్న తర్వాత ఏడుస్తున్నది. ఆ ఏడుపులో దోషభావం ఉంది. మీ పట్టిక దానిని కేవలం ఒక లక్షణంగా రాసుకొని వదిలేస్తుంది. దేవుని ఎదుట ఆమె ఎవరో ఆమెకు చెప్పేవారెవరు?

విజయనగరం ఉపాధ్యాయుడు:

చెప్పవలసినది సంఘమే, పెద్దయ్యా. ఆ పని మనస్తత్వ నిపుణురాలిది కాదు, తనదని ఆమె అనుకోదు కూడా. కానీ మనం ఇప్పుడు ఆమెకు ఏమి చెబుతున్నాం? ఏలీయా బదరీ వృక్షం క్రింద పడుకొని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగినప్పుడు దూత అతనిని గద్దించలేదు, ఉపవాసముండమనలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, లేచి భోజనం చేయమన్నాడు. అతడు తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి అదే మాట చెప్పాడు. దేవుడు అతనితో మాట్లాడినది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. కుంగిపోయిన మనిషి విషయంలో ఆ క్రమాన్ని మన సంఘాలు గంభీరంగా తీసుకోవాలి.

కొలస్సీ పత్రిక రెండవ అధ్యాయం చివర, దేహాన్ని శిక్షించే నియమాలు జ్ఞానంలా కనబడినా శరీరేచ్ఛను అణచడానికి పనికిరావని పౌలే అన్నాడు. మీరు ఎత్తిచూపిన పన్నెండు మెట్ల విషయానికి వస్తే, 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉద్యమం మొదలుపెట్టినవారు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంలో నేర్చుకున్నవారే. తప్పును మరొకరి ఎదుట ఒప్పుకోవడం, తాము ఎవరికి హాని చేశారో వారితో సమాధానపడడం అక్కడివే, వాటిలో మొదటిది యాకోబు పత్రికలోనూ ఉన్నదే. అందువల్ల మన ఇంటి సొమ్ము కొంత బయట తిరిగి మన దగ్గరకు వస్తోందని నేను భావిస్తాను. మైండ్‌ఫుల్‌నెస్ పట్ల ఆమె మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ భాగం వద్దని నిపుణురాలితో చెప్పవచ్చు. నర్సు గారు చెప్పిన భోజన క్రమానికి ధ్యానంతో పని లేదు, అది లేకుండానే చికిత్స సాగుతుంది.

ఇంకొక మాట బాధతోనే రాస్తున్నాను. మన కూటాల్లో ప్రార్థన మనవి అని చెప్పిన సంగతి మరునాటికి వీధిలో వినబడుతుంది. ప్రేమవిందులో విస్తరి ఖాళీ అయ్యేలోపే మళ్లీ వడ్డించి, బయటకు వచ్చాక ఒళ్లు పెరిగిందని వ్యాఖ్యానిస్తాం. చాటుగా తినే స్త్రీ తన బాధను బయట వ్యక్తికి చెప్పుకోవాలనుకోవడానికి ఇవి కారణాలు కావా? చెప్పినది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స చేసేవారి బాధ్యత. మన సంఘాల్లో ఆ భరోసా ఇవ్వగలిగిన పెద్దలు ఎంతమంది?

బొబ్బిలి సహోదరి:

అందరికీ కృతజ్ఞతలు. ఆమెకు ఇవన్నీ చదివి వినిపించాను. ఉపవాసం మానితే దేవుని దగ్గర నుంచి తొలగిపోయినట్టవుతుందేమోనన్నదే ఆమె భయం. విశాఖకు వెళ్లిరావడానికి ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చని, ఖర్చు ఉండదని చెప్పాను. నేను పక్కన కూర్చుంటే చేస్తానంది. పెద్దయ్య గారు, శుక్రవారం ఉపవాస కూటానికి ఆమె భోజనం చేసి వచ్చినా ఎవరూ ప్రశ్నించరని మీవంటి పెద్దలు ఒక్క మాట చెబితే ఆమె నమ్ముతుంది.

పాలకొండ సంఘ పెద్ద:

ఆ మాట చెబుతాను. రోమా పత్రిక పద్నాలుగవ అధ్యాయం ప్రకారం తినువాడు తినని వానిని తృణీకరింపకూడదు, తినని వాడు తినువానికి తీర్పు తీర్చకూడదు. ఆమె భోజనం చేసి వచ్చి అందరితోపాటు ప్రార్థించవచ్చు. ఫోను కూడా చేయనివ్వండి. కానీ పాపమన్న మాట పూర్తిగా పక్కన పెట్టమంటే నేను ఒప్పుకోలేను, ఎందుకంటే పాపం లేదన్నచోట క్షమాపణ కూడా ఉండదు. ఆమె రాసుకునే పుస్తకంలో ప్రతి రాత్రి చివర ఒక కీర్తన చదివినట్టు కూడా రాసుకోమనండి. దానికి ఆ నిపుణురాలు అడ్డు చెబితే మళ్లీ ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.