ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే ఆల్‌వీల్ డ్రైవ్ బండికి పవర్ తగ్గుతుందా?

రేవు దారి: నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగాను. పాటు వేళ, వాలంతా ఒండ్రు పేరుకుని ఒకటే జారుడు. నాది ఆల్‌వీల్ డ్రైవ్ చిన్న ఎస్‌యూవీ. ఎంత తొక్కినా ఇంజిన్ గొంతు పెరగదే! డాష్‌బోర్డులో జారే కారు బొమ్మ టకటకా వెలుగుతోంది, వెనక ట్రాక్టరువాడి హారన్. బటన్ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆపాకే పైకెక్కింది. నాలుగు చక్రాలకూ పవర్ ఇవ్వడమెందుకు, మళ్లీ కోసెయ్యడమెందుకు? మన వైపు ఇది ఆపుకుని తిరగడమే మేలంటాను.

షెడ్డు మాస్టారు, అమలాపురం: ఆగండాగండి. అది చేసేవి రెండు పనులు, మీరు ఒకదాన్నే తిడుతున్నారు. ఏదైనా చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతోందని ఏబీఎస్ సెన్సర్లు చెప్పగానే థ్రాటిల్ మూసి ఇంజిన్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, తగ్గిస్తుంది. ఇక్కడ పవర్ తగ్గే మాట నిజమే. దాంతోపాటు ఆ ఒక్క చక్రానికే బ్రేకు పట్టిస్తుంది. ఇది మీకు లాభం. ఓపెన్ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాల మధ్యనుండే గేర్ల పెట్టె, టార్క్‌ని ఎడమకూ కుడికీ సమానంగానే పంచుతుంది. ఎడమ చక్రం బురదలో 50 న్యూటన్ మీటర్లకే జారిపోతే, గట్టి నేల మీదున్న కుడిదానికీ దక్కేది ఆ 50 యే. ఎడమదానికి 200 మేర బ్రేకు పడితే కుడిదానికి 250 అందుతుంది. సుజుకి జిమ్నీలో బ్రేక్ ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) అనేది ఇదే. చాలా బండ్లలో ఆల్‌వీల్ డ్రైవ్ ముందుకీ వెనక్కీ పంచుతుందంతే, కుడి ఎడమల సంగతి దానికి పట్టదు.

చెరువు గట్టు, భీమవరం: లెక్క బాగుందండి. వాన పడ్డాక మా చేపల చెరువుల గట్ల మీదికి రండి. నల్లమట్టి గాడుల్లో పూడుకుపోయి టైరు గుండులా నున్నగా అయిపోతుంది. చక్రం జోరుగా తిరిగితేనే ఆ మట్టి ఎగిరిపోయేది. కంప్యూటరేమో తిరగనివ్వదు. నాలుగూ ఒకేసారి జారితే దేనికి బ్రేకు వేసి దేనికి పవర్ పంపుతుంది? అంతర్వేది ఇసుకలోనూ అంతే, ఊపు పోయిందా ఇరుసు దాకా దిగబడ్డట్టే.

షెడ్డు మాస్టారు, అమలాపురం: ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ ఆపండి, కాదనను. టైర్లలో గాలి కూడా తగ్గించి, రోడ్డెక్కాక మళ్లీ కొట్టించుకోండి. గట్టు మీద మాత్రం వద్దు. ఒక పక్క చెరువు, ఇంకో పక్క బోదె. చక్రాలు జారుతూ పోతే బండి పక్కకి పోతుంది. చాలా బండ్లలో అదే బటన్‌తో, బండి పక్కకి పోకుండా కాసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా సడలుతుంది. మిగిల్చుకున్న పవర్‌తో చేపల దగ్గరికి వెళ్తారా?

రేవు దారి: మరి ఆపాకే కదండీ నా బండి ఎక్కింది!

మోరి నుంచి: నాలుగు చక్రాల కిందా ఒండ్రే, బ్రేకు వేసి పవర్ పంపడానికి గట్టి నేల మీదున్న చక్రమే లేదు కాబట్టి ఎక్కింది. అలాగని అదేపనిగా రేజ్ చెయ్యకండి. ఈ చిన్న ఎస్‌యూవీల్లో వెనక చక్రాలకు పవర్ పంపేవి క్లచ్ పలకలు. అవి బాగా వేడెక్కితే సిస్టమే వెనక చక్రాలను వదిలేస్తుంది, ఇక మీది మామూలు ముందు చక్రాల బండే. లాక్ మోడ్ ఉంటే వాలు మొదట్లోనే పెట్టుకోండి, చక్రం జారేదాకా ఎదురుచూడకుండా ముందే వెనక్కి పవర్ వెళ్తుంది. ఇంకోటి, ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే చాలా బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ దానంతటదే ఆన్ అవుతుంది. పంటు మీద ఇంజిన్ ఆపుతారు కదా, ట్రాక్షన్ కంట్రోల్ ఆపుకోవాలంటే దిగేముందు బటన్ మళ్లీ నొక్కాలి.