బడి గోడ మీద సరస్వతమ్మనే వెయ్యాలా?

రంగులడబ్బా:
జెడ్పీ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. కుళాయిల వెనక 30 అడుగుల ప్రహరీ గోడ ఖాళీగా ఉంది. పాత విద్యార్థులు రంగులకి డబ్బులిచ్చి, "సరస్వతమ్మని వెయ్యండి మేడమ్" అన్నారు. వెయ్యగలను. కానీ నా దగ్గర బాగా గీసే ఇద్దరిలో ఒకమ్మాయి ముస్లిం, ఒకబ్బాయి ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. బ్రష్ పట్టేది వాళ్లే. ఓం, నెలవంక, శిలువ వరసగా వేసేద్దామంటే నాకు ఎన్నికల పోస్టరే గుర్తొస్తుంది. పిల్లలు కాసేపు నిమ్మళంగా నిలబడేలా ఏం వెయ్యొచ్చు?

సున్నంబ్రష్:
ముందు గోడ సంగతి చూడండి మేడమ్. కుళాయిల దగ్గరంటే చెమ్మ ఖాయం. మా బళ్లో ఇలాగే సరస్వతిని వేశా. మొదటి వానాకాలానికే ఉప్పు పొంగి పాదాల దగ్గర పెచ్చులు లేచాయి, వాటి మీద మధ్యాహ్న భోజనం సాంబారు మరకలు. దేవుడి బొమ్మ కదా, చెరపలేం, అలా వదలనూ లేం. పైగా పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ. బొమ్మ బోధ కిందకి వస్తుందా రాదా అన్న పంచాయితీ మీ హెచ్చెమ్ గదిలో ఎందుకు?

లెక్కలసార్:
గోడ మానేసి నేల మీద మెలికల ముగ్గు వెయ్యండి. వరసకి 5 చుక్కలు, 4 వరసలు, మధ్య గజం దూరం. కబడ్డీ కోర్టుకి పోసే సున్నం చాలు. అన్ని చుక్కల్నీ చుట్టి వచ్చేది ఒకే గీత. ఎక్కడ బయల్దేరినా మళ్లీ అక్కడికే వస్తారు, గీతలు కలిసేచోట తిరక్కుండా తిన్నగా పోతే చాలు. అదే 4, 6 పెడితే రెండు గీతలు పడతాయి. ఆ రెండంకెల గసాభా (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద అంకె) ఎంతో అన్ని గీతలన్నమాట. ఇది మాత్రం పిల్లలకి ముందే చెప్పకండి.

రంగులడబ్బా:
నిన్న వేశాం సార్! ఆరో తరగతి పాప "ముగ్గు తొక్కకూడదు టీచర్" అని మొరాయించింది. నాకేం చెప్పాలో తోచలేదు. మా డ్రాయింగ్ అమ్మాయే చెప్పులు విప్పి, "గీత పక్కనే నడువు, నేను ముందుంటా" అని చెయ్యి పట్టుకుంది. వెనకాల పదిమంది, ఎవరూ చెప్పకుండానే చెప్పులు కుప్పగా వదిలేసి. ఒక్కడూ అరవలేదు, అదే నాకు వింత. సాయంత్రానికి సున్నమంతా చెరిగిపోయింది, మళ్లీ వెయ్యమంటున్నారు.

పాత విద్యార్థులకి ఇంకా చెప్పలేదు. సున్నంబ్రష్ సార్, ఆ డబ్బుతో ముందు గోడ చెమ్మ ఆపాలంటే ఏం చేయించాలి?