బొరియ అందామా, చాలు అందామా?

చిన్న సాయం కావాలండి. సముద్రం అడుగున బతికే జీవుల మీద హైస్కూల్ పిల్లలకి వ్యాసం రాస్తున్నాను. అన్నిటికీ ‘బొరియ’ అని రాసుకుంటూ పోయి సగంలో ఆగిపోయాను.

ఒడ్డున పేచీ లేదు. విశాఖ బీచ్‌లో పొద్దున్నే చూడండి, పీత గుప్పెడు ఇసుక పైకి తెచ్చి విసిరేస్తుంది, మన అలికిడికి చటుక్కున లోపలికి దూరుతుంది. అది బొరియే. అలలు ఇసుకని కదిపే తక్కువ లోతులోనూ అంతే. తిండి నీళ్లలో తేలి వస్తుంది, కాళ్ల కింద ఇసుక నిలవదు. అందుకే పురుగులు నిట్టనిలువుగా దిగి కూర్చుంటాయి. ఇంకా లోపలికి పోతే అలల తాకిడి తగ్గి తిండి బురదలో చేరుతుంది, తవ్వకాలు అడ్డంగా సాగుతాయి. వేల మీటర్ల లోతులో పైనుంచి రాలే తిండి బహు తక్కువ. అక్కడ కొన్ని జీవులు ఒకసారి మేసిన చోటు మళ్లీ తొక్కకుండా, గీత పక్కనే గీతగా మెలికలు తిరుగుతాయి. ఇది దాక్కోవడం కాదు కదా, బొరియ ఎలా అవుతుంది? రాళ్లలో మిగిలిన ఇలాంటి గుర్తులతో పాత సముద్రాల లోతు అంచనా కట్టొచ్చని శిలాజాల శాస్త్రవేత్త అడాల్ఫ్ సైలాకర్ 1967లోనే రాశారు. అన్నిటినీ ఒకే మాటలో కలిపేస్తే ఆ సంగతే పోతుంది. కలుగు, బిలం, జాడ... ఏదంటారు?

— కలుగు అంటే ఎలుకే గుర్తొస్తుందండి. బిలం మరీ గుహంత పెద్దది. జాడ పర్లేదు గానీ, నడిచి వెళ్లినా జాడే.

— ‘చాలు’ అనండి మాస్టారూ. నాగటి చాలు. గీత పక్కన గీత అంటే అదేగా.

— నాగలితో మా ఊళ్లో కొండ్ర వేసి చుట్టూ తిప్పి దున్నేవారు. చివర మళ్లి పక్కనే వెనక్కొచ్చేది విత్తనాలు వేసే గొర్రు. పోలిక దానికి కుదురుతుంది. ‘మేత చాలు’ అంటే ఇంకా స్పష్టం.

— మేత చాలు ఖాయం చేసేశాను, థాంక్సండీ.

— ఒక్క మాట. లోతు ఒక్కటే లెక్క అనుకోకండి. పాకిస్తాన్ తీరాన అరేబియా సముద్రంలో, కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ బాగా పడిపోయే పట్టీ ఉంది. తవ్వే జీవులు లేక అక్కడి బురద పొరలు చెదరకుండా ఉన్నాయి. దానికేం పేరు పెడతారు?

— బీడు?

— బీడులో గడ్డైనా మొలుస్తుందిగా!

— అక్కడా బ్యాక్టీరియా ఉందండి. బీడే రాస్తాను.